వెనక పంటికి కడియమా, గొట్టమా?

వంకర పళ్లను సరిచేసే క్లిప్పుల మాట వస్తే అందరి చూపూ నవ్వినప్పుడు కనిపించే ముందు పళ్ల మీదనే నిలుస్తుంది గాని, ఆ క్లిప్పుల గుండా సాగే తీగ రెండు కొనలనూ పట్టి ఉంచే భారం బుగ్గల చాటున ఉన్న దవడ పళ్లది, అంటే పాఠ్యపుస్తకాలు చర్వణకాలని పిలిచే పళ్లది. ఆరేళ్ల ప్రాయంలో మొలిచే మొదటి చర్వణకానికి విడివడి లోతుగా దిగిన వేళ్లు ఉండటం వల్ల, ముందు పళ్లను వెనక్కి లాగేటప్పుడు పుట్టే ఎదురు లాగుడును అది తట్టుకోగలుగుతుంది. దంతవైద్యులు యాంకరేజ్ అనేది ఈ ఆసరానే. ఆ పంటికి తీగను కలిపే మార్గాలు ప్రధానంగా రెండు: పంటి చుట్టూ కడియంలా తొడిగి సిమెంటుతో బిగించే బ్యాండ్ ఒకటి, పంటి బయటి ముఖానికి మాత్రమే అంటించే చిన్న లోహపు గొట్టం, అనగా ట్యూబ్, రెండోది.

అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్ 1928లో పళ్లను సరిచేసే ఎడ్జ్‌వైజ్ పద్ధతిని వెల్లడించిన నాటికీ, ఆ తరవాత చాలాకాలం వరకూ కూడా, పంటిపంటికీ కడియం తొడగక తప్పేది కాదు. ఫాస్ఫారిక్ ఆమ్లం తాకించిన ఎనామెల్ మీద, అంటే పంటిని కప్పి ఉండే గట్టి పైపొర మీద, కంటికి ఆనని గరుకుదనం ఏర్పడుతుందనీ, అందులోకి జిగురులా పనిచేసే రెసిన్ దిగి గట్టిగా పట్టుకుంటుందనీ 1955లో మైకేల్ బునకోర్ చూపిన తరవాత, క్లిప్పులను నేరుగా అంటించే పద్ధతి 1960లలో మొదలై, ముందు పళ్ల కడియాలు క్రమంగా కనుమరుగయ్యాయి. దవడ పళ్ల దగ్గర మాత్రం కడియం నేటికీ నిలిచి ఉండటానికి కారణాలు ఆ పళ్ల చుట్టూనే ఉన్నాయి.

మొదటి కారణం తడి. చెవి ముందు ఉండే పెరోటిడ్ అనే లాలాజల గ్రంథి నుంచి వచ్చే నాళం సరిగ్గా పై దవడలోని రెండో చర్వణకానికి ఎదురుగా, బుగ్గ లోపలి వైపున తెరుచుకుంటుంది. ఆమ్లం రాసి, కడిగి, ఆరబెట్టిన ఎనామెల్ మీద నీలి కాంతితో రెసిన్ గట్టిపడేలోగా ఉమ్మి తగిలితే ఆ అతుకు మొదలే బలహీనమవుతుంది. కింది దవడలో చిక్కు మరో రకం: పై పళ్లు కింది పళ్ల బయటి అంచును కప్పుతూ మూసుకుంటాయి కనుక, సకినం కొరికినా చెరకు ముక్క నమిలినా పై పంటి మొన గొట్టం మీదే పడవచ్చు. 2007లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనంలో, మొదటి చర్వణకాలకు అంటించిన గొట్టాల్లో సుమారు 34 శాతం ఊడిపోగా కడియాల్లో అది 19 శాతం దగ్గర ఆగింది. అంతేగాక, కడియాలు తొడిగిన పళ్ల మీద ఖనిజాలు కరిగి ఏర్పడే తెల్ల మచ్చలు కూడా తక్కువగా కనిపించాయి. కడియాన్ని బిగించే గ్లాస్ అయనోమర్ సిమెంటు కొద్దికొద్దిగా ఫ్లోరైడ్‌ను విడుదల చేస్తూ ఉండటం ఈ మేలుకు ఒక కారణమని భావించవచ్చు.

అయితే కడియం తొడగడం ఒక్క పూటలో ముగిసే పని కాదు. పక్కపక్క పళ్ల మధ్య సందు చేయడానికి చిన్న రబ్బరు రింగులను, అంటే సెపరేటర్లను, కొన్ని రోజుల ముందే ఇరికించాలి. ఆ రోజుల్లో పిల్లలకు పళ్ల సందున కండముక్క ఇరుక్కున్నట్టు ఉంటుంది, నమిలితే సలుపుతుంది. ఆ తరవాత రకరకాల కొలతల కడియాలను ఒక్కొక్కటిగా తొడిగి చూసి, సరిపోయినదాన్ని సిమెంటు పూసి కిందికి నొక్కుతారు. దాని అంచు చిగురు దగ్గరకు, ఒక్కొక్కసారి చిగురు లోపలికి దిగడం వల్ల అక్కడ పాచి నిలిచి వాపు వచ్చే అవకాశం గొట్టం కంటే ఎక్కువ. గొట్టానికి ఈ బాధలు చాలావరకు లేవు. సగమే మొలిచి, కడియం పట్టనంత పొట్టిగా ఉన్న పంటికి కూడా దాన్ని అంటించవచ్చు. గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ సోకే ముప్పు ఉన్న పిల్లల్లో, చిగురును గాయపరచి రక్తంలోకి సూక్ష్మజీవులను పంపగల కడియం కంటే గొట్టమే మేలని వైద్యులు భావిస్తారు. అదే అంగిలిని వెడల్పు చేసే పరికరం కావలసివస్తే, దాన్ని లోపలి వైపు కూడా పట్టి ఉంచవలసి ఉంటుంది కనుక, సాధారణంగా కడియానికే మొగ్గు.

తెలుగు నేలకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. నల్లగొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు తాగి పెరిగినవారి పళ్ల మీద గోధుమ రంగు మచ్చలే కాదు, ఆమ్లానికి సులభంగా లొంగని పైపొర కూడా ఉంటుంది. అది గరుకు కాకపోతే రెసిన్‌కు పట్టు దొరకదు కనుక ఆమ్లాన్ని మరికొంతసేపు ఉంచవలసి వస్తుంది, అయినా నమ్మకం కుదరనప్పుడు ఎనామెల్ పట్టు మీద అంతగా ఆధారపడని కడియం అక్కరకు వస్తుంది. కాపురాలు మారినా చిన్నప్పుడు ఏర్పడిన ఆ పొర మారదు గనుక, ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారో వైద్యుడికి ముందే చెప్పడం నిజంగా పనికివచ్చే మాట.

ఈ రెండింటి మధ్య అన్నిటికన్నా ముఖ్యమైన తేడా అవి ఊడే తీరులో ఉంది. గొట్టం ఊడితే తీగ కొన బుగ్గకు గుచ్చుకుని ఆ పూటే తెలిసిపోతుంది. కడియం కింది సిమెంటు కరిగిపోయినా కడియం మాత్రం పంటిని వదలదు. ఆ సందులోకి చేరిన మెతుకు, తీపి, పాచి అక్కడే నిలిచి ఎవరికీ కనిపించకుండా ఎనామెల్‌ను తినేస్తాయి. అందుకే చికిత్స పొందేవారు వచ్చిన ప్రతిసారీ జాగ్రత్త గల వైద్యుడు కడియాన్ని పరికరంతో కిందికి, పైకి నొక్కి చూస్తాడు; అంచు దగ్గర ఉమ్మి చిన్న బుడగలుగా పైకి వస్తే, దాన్ని అప్పుడే తీసి, పంటిని శుభ్రం చేసి, తిరిగి కొత్త సిమెంటుతో బిగిస్తాడు.