తోడు పెట్టినట్టు

బెలుం గుహల్లోకి దిగాక మా గైడు ఒక పని మాత్రం మానలేదు. ప్రతి మలుపు దగ్గరా ఆగేవాడు. చేతిలో టార్చి వెనక్కి తిప్పి మా కాళ్ల ముందు వెలుగు వేసేవాడు. "తల వంచు సామీ, ఆడ జారుతాది" అంటూ ఆఖరి మనిషి దాటేదాకా నిలబడి, అప్పుడు కదిలేవాడు. లోపల కరెంటు దీపాలున్నాయి. అయినా ఆయన అలవాటు ఆయనది.

మాతో ఒక అమెరికా కుర్రాడు వచ్చాడు. ఇక్కడ అమెరికాలో మా పక్కింటివాళ్ల అబ్బాయి, ఆరడుగులు దాటిన మనిషి. సంక్రాంతికి మా ఊరు వెళ్తున్నామంటే తానూ వస్తానన్నాడు. మాది ఆళ్లగడ్డ వైపు పల్లె. అహోబిలం చూపించాం, ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన ఉలి దెబ్బల మధ్య దేవుళ్లు రూపు కట్టడం చూపించాం. ఆఖరున బనగానపల్లె మీదుగా కొలిమిగుండ్ల దాటి బెలుం తీసుకెళ్లాం. చూస్తే చదునైన పొలం. ఆ పొలంలో బావిలాంటి గొయ్యి. మెట్లు దిగితే సున్నపురాయిని నీరు తొలిచిన దారులు 3,229 మీటర్లు. అందులో కిలోమీటరున్నర దాకా మనల్ని పోనిస్తారు. అడుగున, దాదాపు 46 మీటర్ల లోతులో, పాతాళగంగ సన్నగా పారి రాతిలోకి మాయమవుతుంది.

పైకి వచ్చాక తడిసిన చొక్కా పిండుకుంటూ వాడు ఒక మాటన్నాడు: "అంకుల్, ఆ గైడు చేసిన పని నేను చాలా రోజులు చేయలేదు."

వాడు ఏ సంగతి అంటున్నాడో నాకు తెలుసు. వాళ్లది లేటర్ డే సెయింట్స్ శాఖ, మనవాళ్లు మార్మన్లంటారు. వాళ్లలో మగపిల్లలు పద్దెనిమిది నిండాక రెండేళ్లు మత సేవకు వెళ్తారు. ఏ దేశమో వాళ్లు కోరుకోరు, చర్చి చెబుతుంది. ఎవరితో ఉండాలో కూడా కోరుకోరు. ఇద్దరిద్దరు చొప్పున జత చేస్తారు, ఆ జతగాణ్ణి కంపానియన్ అంటారు. ఒకే గది, ఒకే వంట, వీధిలో ఒకరి కంటికి ఒకరు కనపడే దూరంలోనే నడక. దాదాపు ఆరు వారాలకోసారి బదిలీల కబురు వస్తుంది. కొందరికి ఊరు మారుతుంది, కొందరికి జత మారుతుంది. 2019 దాకా ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లే. ఆ ఏడాది నుంచి వారానికోసారి మాట్లాడనిస్తున్నారు.

మనవాడిని బ్రెజిల్ పంపారు. మొదటి జతగాడు పని నేర్పినవాడు, అన్నలాంటివాడు. అతను బదిలీపై వెళ్లగానే రెండోవాడు వచ్చాడు, అక్కడివాడే, పొట్టివాడు. మనవాడికి పోర్చుగీసు అంతంతమాత్రం, అతనికి ఇంగ్లీషు లేదు. మనవాడి ఒక్క అంగ అతనికి రెండడుగులు. ఎప్పుడూ నాలుగడుగులు ముందుండేవాడు. అతను ఎండలో వెనకాల దాదాపు పరుగెత్తేవాడు. నాలుగో వారంలో ఒక సాయంత్రం అతను రోడ్డు పక్క గట్టు మీద కూలబడి, చెప్పు విప్పి, పగిలిన మడమ చూపించాడు. మాటల్లేవు. "ఆ రోజు నుంచి వాడి అడుగులో అడుగు వేయడం నేర్చుకున్నాను, నా పోర్చుగీసు కూడా ఆ నడకలోనే వచ్చింది" అన్నాడు మా పక్కింటి అబ్బాయి.

వాడు చెబుతుంటే నాకు నా మొదటి అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది. మనలో చాలామందిమి చేతిలో ఐ-ట్వంటీ అనే విద్యార్థి వీసా కాగితం పట్టుకుని వచ్చి, ముఖం తెలియని ముగ్గురితో రెండు పడగ్గదుల ఇంట్లో దిగినవాళ్లమే. నాకు దొరికినవాడు కాకినాడవాడు. నేను ఆప్యాయంగా "ఏమప్పా" అంటే వాడికి గద్దించినట్టుండేది. వాడు మర్యాదగా "ఏవండీ" అంటే నాకు దూరం పెట్టినట్టుండేది. నా ఉగ్గాని చూసి "మరమరాలు ఎందుకండీ తడిపేశారు?" అన్నాడు. నేను వారం రోజులు వాడితో మాట్లాడలేదు.

మమ్మల్ని కలిపింది పెరుగు. నాలుగో వీధిలో ఒక తెలుగు అక్కయ్య ఉండేది. ఆవిడ ఇంటికి ఇద్దరం గిన్నె పట్టుకుని తోడు కోసం వెళ్లాం. "పాలు వేలు పెడితే ఓర్చుకునే వేడి మీద ఉండాలి. మరిగే పాలల్లో వేస్తే విరుగుతాయి, చల్లటి పాలల్లో వేస్తే తోడుకోవు. వేశాక మాటిమాటికీ కదపొద్దు" అంది. చలికాలం కాబట్టి ఓవెన్‌లో పెట్టి, లోపలి లైటు వేసి ఉంచమంది. ఆ రాత్రి ఇద్దరం ఓవెన్ అద్దంలోంచి ఆ గిన్నెను పసిబిడ్డను చూసినట్టు చూశాం. తెల్లారేసరికి గడ్డ పెరుగు. పాలను పెరుగు చేసే చుక్కనూ, పక్కన నిలిచే మనిషినీ మన భాష ఒకే మాటతో పిలుస్తుంది.

తోడుకున్న జంటలూ, విరిగిన జంటలూ మన చరిత్రలో ఉన్నాయి. మా పక్కింటి అబ్బాయిలాగే మత సేవకు జతగా వచ్చినవాళ్లలో ఒక కథ విశాఖపట్నానిది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ అనే ఇద్దరు యువకులు 1805లో అక్కడ దిగారు. తెలుగు అక్షరం నుంచి మొదలుపెట్టారు. వాళ్లకు ఆనందరాయర్ అనే మూడో మనిషి తోడయ్యాడు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. పుట్టుక వేరు, తిండి వేరు, మాట వేరు. ఒకరు గ్రీకు అర్థం చెబితే ఇంకొకరు తెలుగు వాక్యం కూర్చాలి. క్రాన్ 1809లో పోయాడు. డే గ్రాంజెస్ 1810లో పోయాడు. ఐదేళ్లకే ఇద్దరూ ఈ మట్టిలో కలిసినా, వాళ్లు కలిసి మొదలుపెట్టిన పని ఆగలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో తెలుగులో అచ్చయ్యాయి.

మచిలీపట్నంలో మరో జంట. చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ కలిసి వచ్చారు. నోబుల్‌కు బడి ప్రాణం, 1843లో పెట్టిన ఆ బడే నోబుల్ కాలేజీ. ఫాక్స్‌కు నాలుగు గోడల మధ్య కాలు నిలవదు, సంతలూ పల్లెలూ కావాలి. ఒకరిని చూసి ఒకరు పద్ధతి మార్చుకోలేదు, మార్చుకోమని అడగలేదు. ఫాక్స్ 1848లోనే పోయాడు. నోబుల్ ఒక్కసారి కూడా ఇంగ్లండు వెళ్లకుండా 1865లో కన్నుమూసేదాకా బందరులోనే ఉండిపోయాడు.

కొన్నిచోట్ల తోడు కుదరలేదు. దొరలు డబ్బిచ్చారు, ప్రాణాలిచ్చారు, పక్కన కూర్చోబెట్టుకోవడం మాత్రం చాలామందికి చేతకాలేదు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆ మాటే వాళ్ల ముఖం మీద చెప్పాడు, మాకు స్నేహితులను ఇవ్వండని అడిగాడు. తమిళుడై ఉండి తెలుగు నేర్చి మన దోర్నకల్‌లో పనిచేసిన మనిషి. రెండేళ్లకు అదే దోర్నకల్‌కు, ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు.

తెల్లవాళ్లను అనడం తేలిక. మనవాళ్ల కథ కూడా చెప్పుకోవాలి. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నాటాల్ తోటలకు వెళ్లిన గిర్మిట్ (ఒప్పంద) కూలీల్లో తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల కోసం తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ 1903లో జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికా పంపింది. మన డబ్బుతో, మన మనిషి, సముద్రం దాటి మనవాళ్ల దగ్గరికే వెళ్లాడు. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘం ఏర్పడింది. 1914 వచ్చేసరికి ఆయన కట్టిన పని రెండు ముక్కలైంది. రంగయ్య వెంట కొందరు, ఆయన తర్వాత వచ్చిన మరో బోధకుడి వెంట కొందరు. మరుసటి ఏడాదే రంగయ్య పోయాడు. భాష ఒకటే, శాఖ ఒకటే, కష్టం ఒకటే. విశాఖలో ఏదీ కలవని ముగ్గురికి కుదిరింది, నాటాల్‌లో అన్నీ కలిసినవాళ్లకు కుదరలేదు.

ఇది చదువుతూ కొందరు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. పరాయి దేశంలో తెలుగు సంఘం పెట్టుకోవడం, అది రెండు కావడం, రెండూ ఒకే ఉగాదికి రెండు హాళ్లు బుక్ చేయడం మనకు కొత్త కాదు. జిల్లా ఒకటైతే, ఇంటిపేరు ఒకటైతే, కాలేజీ ఒకటైతే చాలు, ఇంకేం కావాలి అనుకుంటాం. అలా అనుకున్న చోటే టార్చి మన కాళ్ల ముందే వేసుకుని నడుస్తాం.

బెలుం సంగతే చూడండి. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1884లో ఈ గుహల గురించి రాశాడు. ఆ రోజుల్లోనే బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో ఆయనా, ఆయన కొడుకూ కలిసి తవ్వకాలు చేశారు. బెలుం మాత్రం తర్వాత వందేళ్ల దాకా ఎవరికీ పట్టలేదు. 1982, 83లలో డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి, స్థానికుల సాయంతో ఆ దారులన్నీ కొలిచింది. వచ్చినవాళ్లకు కొలవడం తెలుసు, ఊరివాళ్లకు చోటు తెలుసు. ఇద్దరూ కలిసి దిగితేనే ఆ చీకటికి పటం వచ్చింది.

మా పక్కింటి అబ్బాయి వెళ్లేముందు గైడుకు డబ్బివ్వబోతే ఆయన తీసుకుని, వాడి నుదుటి వైపు చూపించి "దెబ్బ తగిలిందా నాయనా?" అన్నాడు. ఎక్కడో రాయి గీరుకుంది, మాలో ఎవరం చూడలేదు. ఆయన చూశాడు.

ఈ సావనీర్ మీ చేతికందే రోజు హాలు నిండా మనవాళ్లే ఉంటారు. ఆ గుంపులో ఆగస్టులోనే వచ్చిన పిల్లలు కొందరుంటారు, వాళ్ల రూమ్మేటుతో మాటల్లేక గోడ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంటారు. దయచేసి వెళ్లి పలకరించండి. ఊరేదని కాదు, తిన్నావా అని అడగండి. ఇంట్లో పెరుగు తోడుకోవడం లేదంటే మా ఇంటికి పంపండి. గిన్నె మాత్రం వాళ్లనే తెచ్చుకోమనండి. ఇద్దరూ కలిసి రావాలని కూడా చెప్పండి.