గర్భిణి భయం ఈమాన్ లోపం కాదు

అర్ధరాత్రి వేళ, ఏడో నెల నిండిన కోడలు ఉలిక్కిపడి లేస్తుంది. గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందదు, చేతులు వణుకుతాయి, ఒళ్ళంతా చెమటలు పడతాయి. ప్రాణం పోతుందేమోనని విలవిలలాడుతుంది. హుజూర్‌నగర్‌లోనైనా, చుట్టుపక్కల పల్లెల్లోనైనా ఇలాంటి వేళ తరచూ వినిపించే మాట ఒకటుంది: "అల్లాహ్ మీద నమ్మకం ఉంటే ఇంత భయమెందుకు?" ఆ మాట భయాన్ని తగ్గించదు. ఆమెను అపరాధ భావంలోకి నెట్టి, మరుసటిసారి నోరు విప్పకుండా చేస్తుంది.

హిరా గుహలో తొలి వహీ అవతరించినప్పుడు దైవప్రవక్త (స) వణుకుతూ ఇల్లు చేరారు. తనకు ప్రాణభయం కలిగిందని చెప్పారు. హజ్రత్ ఖదీజా (ర.అన్హా) ముందుగా ఆయనకు దుప్పటి కప్పారు. వణుకు తగ్గాక ఆయన సుగుణాలను గుర్తుచేసి ధైర్యం చెప్పారు. ఆపైన విషయం తెలిసిన వరఖా బిన్ నౌఫల్ వద్దకు తీసుకువెళ్ళారు. ప్రసవ వేదనలో, ఇంతకుముందే మరణించి ఉంటే బాగుండేదని వాపోయిన హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్)కు కూడా మందలింపు కాదు, ఓదార్పు, నీరు, తాజా ఖర్జూరాలు లభించాయని దివ్య ఖుర్‌ఆన్ తెలుపుతోంది.

మన ఇళ్ళలో కూడా ఇదే క్రమం పాటించాలి.

మొదటిది ఆసరా. వైద్యులు పానిక్ అటాక్ అనే ఈ స్థితి సాధారణంగా పది నిమిషాల్లో తీవ్రమై, క్రమంగా తగ్గుతుంది. ఆమెను కూర్చోబెట్టి, చేయి పట్టుకొని, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి అంతకన్నా నెమ్మదిగా వదలమనాలి. చుట్టూ గుమికూడకూడదు.

రెండవది మాట. "ఇది తగ్గిపోతుంది, నేను నీ పక్కనే ఉన్నాను" అని భర్త గానీ, అత్తగారు గానీ చెప్పాలి. ఎవరికో కాన్పు కష్టమైన కథలు ఆమె ముందు ఎత్తకూడదు. దుఆ, జిక్ర్ హృదయానికి నెమ్మదినిస్తాయి. కానీ వాటిని వైద్యానికి అడ్డు పెట్టకూడదు.

మూడవది తెలిసినవారి సలహా. రక్తహీనత, థైరాయిడ్, గుండె జబ్బుల్లో కూడా దడ, ఆయాసం రావచ్చు. అందువల్ల తొలిసారి వచ్చినప్పుడే ఏరియా ఆసుపత్రిలో డాక్టరుకు చూపించాలి. నెలవారీ పరీక్షల్లో బరువు, రక్తపోటుతో పాటు నిద్ర, భయాల సంగతి కూడా చెప్పాలి. మందులు సొంతంగా మొదలుపెట్టకూడదు, ఆపకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

అయితే ఛాతీ నొప్పి, తగ్గని ఆయాసం, స్పృహ తప్పడం, రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, బిడ్డ కదలిక తగ్గడం వంటివి కనిపిస్తే భయమేనని ఊరుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. చనిపోవాలనిపిస్తోందని ఆమె అంటే ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం వర్ధమాన దేశాల్లో గర్భిణుల్లో సుమారు 15.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో, ప్రధానంగా కుంగుబాటుతో బాధపడుతున్నారు. కాబట్టి ఈ బాధ మీ కోడలు ఒక్కతెదే కాదు. రేపు ఆమె భయమని చెప్పినప్పుడు ఆమె ఈమాన్‌ను తూచకండి. ముందు దుప్పటి కప్పండి.