సిమెంటు కంటే ముందు సీసా

మన షోలాపూర్ పూర్వభాగంలో పత్రాల ఇంట్లో ఎండాకాలం గడిపినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. మధ్యాహ్నం రెండింటికి పత్రా కింద కూర్చుంటే తల మీద పెనం పెట్టినట్టే. మా అవ్వకు ఎనభై దాటాయి. పాలమూరు దిక్కున తాను పుట్టిన మట్టి ఇల్లు ఎంత చల్లగుండేదో ఇప్పటికీ చెప్తది. మిల్లు మూతపడ్డాక ఇన్నేళ్ళు కార్ఖానాలో సాంచాలు నడిపి ఊరి బయట ఒక గుంట జాగా కొన్నాను. అందులో అవ్వకు మట్టిగోడల గది ఒకటి కట్టాలని నా పంతం.

“కాంక్రీటు వెయ్యి నాయినా, నలుగురు నవ్వుతరు” అన్నడు కొడుకు. నలుగురు నిజంగానే నవ్వే పని నేనే చేసిన.

పునాది తవ్వితే నల్లరేగడి కుప్ప పడింది. ఉత్తగా వచ్చిన మట్టి గదా అని దాంట్లోనే ఒక బస్తా సిమెంటు కలిపి, అద్దెకు తెచ్చిన చేతిప్రెస్సుతో నూరు దిమ్మెలు ఒత్తాం. తీసినప్పుడు సబ్బుబిళ్ళల్లా మెరిసినయి. ఐదో రోజుకు వెంట్రుకంత చీలిక. పదో రోజుకు నాణెం దూరేంత. గవండి వచ్చి కాలితో తన్నితే సగం విరిగినయి. బస్తా సిమెంటు, ఇద్దరి రెండు రోజుల కూలి మట్టిలో కలిసింది. ప్రావిడెంట్ ఫండు పైసల్లోంచి కొన్న బస్తా అది.

తప్పు ఏమిటో బెంగళూరులో కట్టడం పని చేసే మా మేనల్లుడు చెప్పాడు. రేగడి బంక నీళ్ళు తాగితే ఉబ్బుతది, ఎండితే ముడుచుకుంటది. ఎండాకాలం చేలల్లో పడే నెర్రెలు మనం చూడనివా? కొద్దిపాటి సిమెంటు ఇసుక గింజల్ని పట్టుకుంటుంది గాని అంత బంకను ఆపలేదు. బంకమట్టికి సున్నం మేలు, కానీ అది గట్టిపడేందుకు చాలా రోజులు తీసుకుంటుంది.

“మామా, సిమెంటు ముట్టుకునే ముందు సీసా తెచ్చుకో” అన్నడు. గాజుసీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు. బాగా ఊపి కదలకుండా పెట్టాలి. ముందు గులకరాళ్ళూ ఇసుకా దిగుతాయి, తర్వాత ఒండ్రు, మరునాటికి పైన బంక. మా రేగడి సీసాలో ఇసుక సన్నటి గీతంత కూడా లేదు. అదే జాగాకు అవతల గట్టున తీసిన మొరం సీసాలో మూడు పొరలూ కనిపించినయి.

ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు సిమెంటు దిమ్మెలకు చెప్పే లెక్క ఇది: నూటికి గులక 15, ఇసుక 50, ఒండ్రు 15, బంక 20 పాళ్ళు. ఏ మట్టీ అచ్చం అట్ల దొరకదు, దగ్గరికి తెచ్చుకోవాలి. మాకు మూడు తట్టల జల్లించిన మొరానికి ఒక తట్ట క్రష్‌శాండ్ కుదిరింది. మీ మొరానికి మీ సీసాయే చెప్పాలి. సిమెంటు మాత్రం నూరు కిలోల మట్టికి ఆరు కిలోలు వేశాం. తట్టను ఒక్కసారి తూకం వేసి పెట్టుకుంటే ఆ తర్వాత లెక్క సులువు.

కలపడం పొడిగానే మొదలుపెట్టాలి. రంగు అంతటా ఒక్కటయ్యేదాకా పారతో తిరగేసి, తర్వాత నీళ్ళు చిలకరించాలి, పోయకూడదు. పిడికెడు మాలు ఉండకట్టి ఛాతీ ఎత్తు నుంచి వదిలితే నాలుగైదు ముక్కలు కావాలి. చపాతీలా అణిగితే నీళ్ళు ఎక్కువ, పొడిపొడి అయితే తక్కువ. మిల్లు సైజింగ్ ఖాతాలో గంజి చిక్కదనాన్ని వేళ్ళ మధ్య చూసినవాణ్ణి, ఈ ఒక్క పని నాకు ఎవరూ నేర్పాల్సిన అవసరం పడలేదు.

నీళ్ళు పడ్డాక అరగంటలో ఒత్తేయాలి. ఆ తర్వాత సిమెంటు బిగుసుకోవడం మొదలై, ఒత్తినా బలం రాదు. అందుకే బస్తా మొత్తం ఒకేసారి కలపొద్దు, పావు బస్తా చాలు. మా కోడలు గడియారం పట్టుకుని కూర్చుంది. ఓసారి చాయి తాగే వంకన ఆలస్యమైతే మిగిలిన మాలు పారేయించింది. నాకు ప్రాణం పోయినట్టయింది గాని పిల్ల చేసింది కరెక్టే.

దిమ్మెను కాల్చం కాబట్టి బట్టీ ఖర్చు లేదు. దాని బదులు 28 రోజులు తడి ఆరకుండా చూసుకోవాలి. మొదట తాటిపత్రి కప్పి, తర్వాత గోనెసంచులు పరిచి తడిపాం. మన ఊళ్ళో నల్లా ఎప్పుడొస్తదో తెలుసు గదా! నల్లా రాని రోజుల్లో స్నానం చేసిన నీళ్ళు వద్దని, తాగే కుండలోంచే మా ఆవిడ చెంబులతో తెచ్చి చల్లింది. సబ్బు నీళ్ళు పడితే ఏమవుతుందో అని ఆమె భయం.

నెల నిండాక ఒక దిమ్మెను బకెట్లో రాత్రంతా నానబెట్టాం. పొద్దున తీస్తే అంచు రాలలేదు. అవ్వ గోరుతో గీకి చూసి, “సున్నం పూసేది గా ఎండకు తిరిగిన గోడకేనా, లోపల గూడనా?” అని అడిగింది.

ఇప్పటికి ఆరువందల దిమ్మెలు అయ్యాయి, ఇంకా ఐదువందల దాకా కావాలి. వానకు తడవకుండా కింద రెండడుగులు రాతికట్టు వేసి, పైకప్పు గోడకంటే బయటికి దించుతున్నాం. ప్రెస్సు మాకు ఆదివారాలే దొరుకుతుంది. చూడాలనుకునేవాళ్ళు ఆ రోజు పొద్దున రావచ్చు, మీ జాగా మట్టి ఒక సీసాలో పోసుకుని తెండి.