వేడిమిని చూచు కన్ను

కాలిన వాసన వచ్చిన పిమ్మట స్విచ్చిబోర్డు విప్పి చూచు ఎలక్ట్రీషియను కంటె, వాసన పుట్టక మునుపే ఏ స్క్రూ వదులైనదో చెప్పగలవాడు నిపుణుడని ఎవరైనను ఒప్పుకొందురు. ఆ నైపుణ్యములో కొంతభాగము నేడు స్మార్ట్‌ఫోను అడుగున తగిలించుకొనదగిన బొటనవ్రేలంత కెమేరాలో ఇమిడిపోయినది. తీగ బిగువుగా కూర్చబడనిచోట విద్యున్నిరోధము హెచ్చి, అందుండి పుట్టిన వేడిమి ఫోను తెరపై పసుపుపచ్చని మచ్చయై మెఱయును, అయితే ఏ.సి.యో గీజరో నడచుచు కరెంటు పారుచున్నప్పుడే సుమా, మెయిను కట్టివేసి చూచినచో ఏమియు తెలియదు.

వస్తువులన్నియు తమ వేడిమికి తగినట్లు కంటికి గోచరింపని పరారుణ కిరణములను సదా వెలువరించుచుండును. అట్టి కిరణములు కలవని 1800లో విలియం హెర్షెల్, సూర్యకాంతిని పట్టకముచే రంగులుగా విడదీసి, ఎరుపునకు ఆవల ఏ వెలుగును లేనిచోట ఉష్ణమాపకము నుంచి కనిపెట్టెను. 1880 ప్రాంతమున శామ్యూల్ లాంగ్లీ, వేడి సోకినంతనే విద్యున్నిరోధము మారెడు సన్నని లోహపు పట్టీలతో బోలోమీటరును నిర్మించెను. నేటి ఫోను కెమేరా గర్భమునందున్నది ఆ బోలోమీటరే. పెక్కింటియందు వెనేడియం ఆక్సైడు పూసిన సూక్ష్మపు పొరలు వేలసంఖ్యలో బారులుదీరి, గ్రహించిన వేడిమి క్రిందిచిప్పునకు జారిపోకుండ సన్నని కాళ్లపై శూన్యమున నిలిచి, డిగ్రీలో ఇరువదవ వంతు భేదమును సైతము పసిగట్టును. 1980లలో అమెరికా రక్షణశాఖ ధనముతో హనీవెల్ సంస్థ రహస్యముగా సాధించిన ఈ విద్య, తరువాతి దశాబ్దమున ఆ ముసుగు తొలగి, తుదకు 2014లో ఫ్లిర్ వన్ అను పేర ఐఫోను తొడుగులోనికి దిగివచ్చినది. 2016 నాటి క్యాట్ ఎస్60 ఫోనులో అంతర్భాగమే అయినది.

ఆ తొలి ఫ్లిర్ వన్ చిత్రమునందలి బిందువులు 80 అడ్డముగా, 60 నిలువుగా, మొత్తము 4,800 మాత్రమే. ఆ మసకను కప్పిపుచ్చుటకు సాధారణ కెమేరాతో అంచులు గీసి పైన అతికింపవలసివచ్చెను. ఇప్పుడు 256, 192ల లెక్కన ఏబదివేలకు కొలదిగా తక్కువైన బిందువులు మధ్యతరగతివారికి అందుబాటు ధరలోనే లభించుచున్నవి. మామూలు ఫోటో బిందువులను కోట్లలో లెక్కించు ఈ కాలమున ఇది అల్పముగా తోచవచ్చును గాని, ఇందు నిర్మాతల అసమర్థతకంటె ప్రకృతి విధించిన హద్దే అధికము: ఈ కిరణముల తరంగదైర్ఘ్యమే 8 మొదలు 14 మైక్రాన్లు కాగా, 12 మైక్రాన్ల బిందువును ఇంకను మిక్కిలి కుదించినందువలన ప్రయోజనము స్వల్పము.

ఇది గోడలగుండ చూడగలదను భ్రాంతి లోకమున బలముగా నున్నది. గోడల మాట అటుంచి కిటికీ గాజునే ఇది దాటజాలదు. అందుచేతనే దీని కటకమును మామూలు గాజుతోగాక జెర్మేనియం వంటి పదార్థములతో చేయుదురు. సలసల కాగు నీరున్న తళతళలాడు స్టీలుగిన్నెను చూపినచో, అది చల్లనిదని చెప్పుటయేగాక, చూచువాని ముఖపు వేడిమినే అందు ప్రతిబింబింపజేయును. గిన్నెకు నల్లని ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దానిపై కొలిచినచో నిజము బయటపడును. స్లాబులోని చెమ్మ విషయమునను ఇంతే: తెరపై కనబడునది నీరు కాదు, నీరు ఆవిరియగుటచే కలిగిన చల్లదనము. తేమమాపకముతో సరిచూడక గోడ పగులగొట్టించు మేస్త్రీని నేనైతే నమ్మను.

అయినను గోడ బయటి వేడిమియే లోపలి రహస్యమును వెల్లడించిన సందర్భము లేకపోలేదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రమున 1992లో అధికారులు ఒక ఇంటిని వీథినుండియే ఇట్టి యంత్రముతో పరికించి, లోపల గంజాయి పెంపకమునకై తీక్ష్ణదీపములు వెలుగుచున్నవని తలచి, ఆ ఆధారముతో వారంటు పొందిరి. ఆ ఇంటివాని పేర కైలో కేసుగా ప్రసిద్ధమైన ఆ వివాదమున, 2001లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల అభిప్రాయముగా, ప్రజల సామాన్యవాడుకలో లేని సాధనముతో ఇంటిలోని గుట్టు తెలిసికొనుట సోదాయే యగునని, అందుకు ముందుగా వారంటు అవసరమని తీర్పు చెప్పెను. భిన్నాభిప్రాయము వెలిబుచ్చిన జస్టిస్ స్టీవెన్స్ సరిగా ఆ ‘సామాన్యవాడుక’ అను షరతునే పట్టుకొని, అట్టి సాధనములు జనులకు సులభముగా లభ్యమైన నాడు ఈ రక్షణ కరగిపోవునని ఎత్తిచూపెను. ఆనాడు వేలాది డాలర్లు వెచ్చించినగాని దొరకని యంత్రము, ఇప్పుడు ఆన్‌లైనులో ఆర్డరు చేసినచో ఇంటికే వచ్చుచున్నది.