తెర మీది నవలలు: అనువాదమునకు అందని జపాను

జపాను సాహిత్యమనగానే తెలుగు చదువరికి హైకూ స్ఫురించును. 1968లో నోబెల్ బహుమానమందిన కవాబాతా పేరు స్ఫురించును. జపాను వీడియో ఆట యనగానే బడి పిల్లవానికి మంత్రపు కత్తులు, రాక్షసులు, యంత్రమానవులు స్ఫురించును. ఈ రెండింటి నడుమ, ఆటల అంగడిలో పుట్టి నవలా లక్షణములను సంతరించుకొన్న రచనా శాఖ యొకటి నలుబది యేండ్లకు పైగా జపానులో వర్ధిల్లుచున్నది. అందలి ఒక పాయలో మంత్రములు లేవు, గ్రహాంతర యానములు లేవు. పోలీసు ఠాణాలు, రైలు ప్రయాణములు, మంచు కురియు కొండలపై బసలు, మహానగరపు కూడళ్లు, వాటి నడుమ మేలుకును కీడుకును తడబడు సామాన్య మానవులు కలరు. ఈ పాయలోని మంచి రచనలు కొన్ని నేటికిని జపాను భాషను దాటి రాలేదు. వచ్చినవియు చాల ఆలస్యముగ వచ్చినవి.

ఈ శాఖను ఆంగ్లమున విజువల్ నావెల్ అందురు. తెలుగున దృశ్య నవల యనవచ్చును. తెరపై ఒక ప్రదేశపు చిత్రము, దానిపై పాత్రల రూపములు, వాటి క్రిందనో తెర నిండుగనో వచనము, వెనుక సంగీతము: ఇదియే దాని స్వరూపము. మీట నొక్కినప్పుడు తరువాతి వాక్యము వచ్చును. నడుమ నడుమ కథ ఆగి, ‘ఇప్పుడేమి చేయవలెను?’ అని చదువరిని ప్రశ్నించును. ఎన్నుకొన్న సమాధానమును బట్టి కథ వేరు దారి పట్టును. చేతి చురుకుతో పనిలేదు. చదువుట, ఆలోచించుట, ఎన్నుకొనుట, ఈ మూడే దాని క్రియలు.

దీనికి మూలపురుషుడని చెప్పదగినవాడు యూజి హోరీ. 1986లో ‘డ్రాగన్ క్వెస్ట్’ అను అద్భుత గాథను వెలువరించి ప్రసిద్ధికెక్కిన ఆ రచయిత, అంతకు మూడేండ్లు ముందుగ, 1983లో, ‘పోర్టోపియా వరుస హత్యల కేసు’ అను అపరాధ పరిశోధన కథను రచించెను. పేరు కోబే నగరమున 1981లో జరిగిన పోర్టోపియా ప్రదర్శనము నుండి వచ్చినది. మూసిన గదిలో ఒక వడ్డీ వ్యాపార సంస్థ యధిపతి చచ్చి పడియుండును. చదువరి ఆ నగరమున తిరిగి సాక్షులను విచారింపవలెను. 1995 జనవరి 17వ తేదీనాటి భూకంపమున కోబే ప్రాంతమున ఆరువేలకు పైగా జనులు మరణించిరి. నగరమునకు తీవ్రమైన నష్టము కలిగినది. అపరాధ కథగా పుట్టిన ఆ రచన, తానెరుగకయే భూకంపమునకు పూర్వపు కోబేకు ఒక జ్ఞాపకచిహ్నమైనది. దానికి అధికారికమైన ఆంగ్ల రూపము 2023లో మాత్రమే, అదియు భాషా యంత్రముల పరీక్షకు ఉద్దేశించిన నమూనాగా వెలువడినది. నలుబదేండ్ల నిరీక్షణ!

ఇంతటి ఆలస్యమునకు కారణము ఒక్కటి కాదు. పెద్ద దృశ్య నవలలు కొన్ని పది లక్షల అక్షరములకు మించినవి. అనువాదకునకు అది పలు నవలల శ్రమ. వచనము యంత్రపు కార్యక్రమములో కుట్టబడి యుండుట మరొక చిక్కు. వీటికి మించిన కారణము కథావస్తువులోనే కలదు. కల్పిత లోకపు కథకు ఆ లోకపు నియమములను రచయితయే వివరించును; కనుక అది ఎచ్చటికైనను తన సామానును తానే మోసికొనిపోగలదు. వాస్తవ జీవితపు కథ అట్లు కాదు. ఇరుగుపొరుగు మాటల వరస, పెద్దలను పిలుచు తీరు, ఊరి పేరులోని ధ్వని, వీనిని చదువరి యెరుగుననియే అది నమ్ముకొని నడచును. కావున నేలను, నుడిని విడచిన చోట అది వాడిపోవును.

దీనికి నిదర్శనము ‘కమాయితాచి నో యోరు’, అనగా ‘కమాయితాచి రాత్రి’. కమాయితాచి యనునది కొడవలి గోళ్లు గల జంతువు. కనబడకుండ గాలిలో వచ్చి మనుష్యుల చర్మమును కోసిపోవునని జపాను పల్లెల నమ్మకము. కథలో దయ్యమేమియు లేకపోయినను ఆ నమ్మకపు నీడ కథ నిండ పరచుకొనియుండును. ఈ రచనను 1994లో చున్‌సాఫ్ట్ సంస్థ వెలువరించినది. రచయిత అపరాధ పరిశోధన నవలలకు పేరుపొందిన తాకెమారు అబికో. తోరు, మారి అను ఇరువురు విద్యార్థులు మంచుకొండల నడుమ మారి పినతండ్రి నడుపు బసకు పోవుదురు. నడిరేయి ఎవరో చచ్చెదరని వ్రాసిన కాగితపు ముక్క దొరకును. మంచు తుఫాను దారులను మూసివేయును. పాత్రలు నీలి నీడలుగ మాత్రమే కనబడుదురు. ముఖములను చదువరి తానే ఊహించుకొనవలెను. ఒకచోట కథ ఆగి హంతకుని పేరు వ్రాయుమని యడుగును. తప్పు వ్రాసినచో మరికొందరు చచ్చెదరు. ఉపేక్షగా చదివినవానికి శిక్ష, శ్రద్ధగా చదివినవానికి రక్ష! పఠనమును ఇంతకంటె గట్టిగా పరీక్షించు ప్రశ్నపత్రము దుర్లభము.

2014లో దీనికి ఆంగ్ల రూపము వచ్చినది. అందు కథ జపాను కొండలను విడచి కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకు తరలిపోయినది. తోరు మాక్స్ అయినాడు, మారి గ్రేస్ అయినది. అట్టి అనువాదము వలన కథాంశము దక్కవచ్చును, జపాను దక్కదు. ప్రధానమైన దారి ఒక్కటే వాస్తవ ఫణితిలో నడచుననియు, తక్కిన కొన్ని దారులు విచిత్ర కల్పనల వైపు పోవుననియు చదువబోవువారు గుర్తుంచుకొనవలెను.

దేశమును చూడగోరువారికి తగినది యూజి హోరీయే 1984లో రచించిన ‘ఓహోత్సుకు ని కియు’. టోక్యో అఖాతమున తేలిన ఒక శవముతో మొదలైన విచారణ ఉత్తరపు దీవియైన హొక్కాయిదోకు సాగును. కుషిరో రేవు, మషూ సరస్సు, అబాషిరి, శీతకాలమున మంచుగడ్డలు తేలివచ్చు ఓహోత్స్కు సముద్రము, ఇవి కథకు రంగస్థలములు. ఈ రచన 2024లో క్రొత్త రూపమున తిరిగి వెలువడినది; అంతవరకును నలుబదేండ్లు అది జపాను చదువరుల సొత్తుగనే యుండెను. పేరులోని ‘కియు’ యను పదము భాషాభిమానులకు ప్రత్యేకముగ ఆసక్తికరము. మాయమగుట యనునది నేటి జపాను వ్యవహారమున ‘కియేరు’. ‘కియు’ ప్రాచీన గ్రాంథిక రూపము. ‘మాయమైంది’ అనుటకును ‘అదృశ్యమయ్యెను’ అనుటకును తెలుగున గల భేదమే అచ్చట కలదు. ఈ చిన్న రూపభేదముతో ఆ పేరునకు వచ్చిన చల్లని గాంభీర్యమును ఆంగ్లములోనికి తెచ్చుట కష్టము. తెలుగులోనికి తెచ్చుట సులభము.

సంఘమును చూడగోరువారు చదువవలసినది చున్‌సాఫ్ట్ వారి ‘మాచి’. మాచి యనగా పట్టణము, వీధి. 1998లో వెలువడిన ఈ రచనకు టోక్యోలోని షిబుయా ప్రాంతము రంగస్థలము, కాలము అయిదు దినములు, కథానాయకులు ఎనిమిదిమంది. బొమ్మలకు బదులు నిజమైన నటుల ఛాయాచిత్రములను వాడినారు. ఒకడు పోలీసు, ఒకడు టెలివిజను నాటకముల రచయిత, ఒకతె బరువు తగ్గుటకై పాటుపడు యువతి, మరి ఇద్దరు ఒకే ముఖము గలవారు, వారిలో ఒకడు రౌడీ వృత్తిని విడచినవాడు, రెండవవాడు చిన్న వేషముల నటుడు. వీరిలో పలువురు ఒకరినొకరు ఎరుగరు. అయినను ఒకడు వీధిలో చేసిన చిన్న పని మరొకని బ్రతుకును మలుపు త్రిప్పును. ఒకని కథ అపాయముతో ముగిసినచో, దానిని సరిదిద్దుటకు చదువరి వేరొకని కథలోనికి పోయి, వానిచేత వేరు నిర్ణయము చేయింపవలెను. పొరుగువాని బ్రతుకుతో మన బ్రతుకు పెనవేసికొని యున్నదను నీతిని ఈ రచన బోధింపదు, చదువరిచేత ఆచరింపజేయును. వచనములో రంగు మారిన పదమును తాకినచో దానికి టీక వచ్చును. టీకా తాత్పర్యములతో కావ్యములు చదివిన తెలుగు విద్యార్థికి ఆ పద్ధతి పరాయిది కాదు. దీనికి తమ్ముని వంటి ‘428’ యను రచన 2008లో వెలువడి, 2018లో ఆంగ్లమునకు పోయినది. అన్న మాత్రము ఇంటనే నిలిచిపోయినాడు.

అంతరాత్మను చూడగోరువారికి 1998లోనే ప్లేస్టేషన్ యంత్రమునకై వచ్చిన ‘యుకివారి నో హానా’ను సూచింపవచ్చును. ఇది చలనచిత్రములతో, పాత్రల కంఠములతో నడచు కథ. దృశ్య నవలకు దగ్గర చుట్టము. ప్రియుని పోగొట్టుకొన్న ఒక యువతి ఆ దుఃఖమున మతి తప్పి, పొరుగున నున్న విద్యార్థినే తన ప్రియుడని భ్రమించును. ఆ విద్యార్థి నిజము చెప్పవలెనా, ఆమె ప్రాణము నిలుపుటకై అబద్ధమాడవలెనా? అబద్ధము దయయేనా, స్వార్థమా? ధర్మసూక్ష్మములను చర్చించుటకు అలవాటుపడిన తెలుగు తరగతి గదిలో ఈ ప్రశ్న ఒక పూట చర్చకు చాలును.

ఇవన్నియు జపాను భాషలో నుండగా తెలుగు విద్యార్థికి ప్రయోజనమేమని అడుగవచ్చును. ప్రయోజనము కలదు, ఏలయన ఆ భాష లిపిలో దూరమే కాని వాక్యనిర్మాణములో దగ్గర. క్రియ వాక్యాంతమున వచ్చును. విభక్తి నామమునకు వెనుక చేరును. ‘నిన్న కొన్న పుస్తకము’ అనుటను జపానువారు ‘కినో కత్తా హోన్’ అందురు. మూడు పదములు, అదే వరుస. ఆంగ్లములో ఈ వరుస తలక్రిందులగును. ‘వచ్చెనని చెప్పెను’ అను చోట తెలుగువారి ‘అని’ చేయు పనిని జపానువారి ‘తొ’ చేయును. పేరునకు చివర ‘గారు’ చేర్చినట్లు వారు ‘సాన్’ చేర్చుదురు. పెద్దలతో నొక తీరు, స్నేహితులతో నొక తీరు మాటలాడుట రెండు భాషలకును సహజము.

అపరాధ కథల అనువాదమున మరొక విశేషము కలదు. జపాను క్రియ కర్త ఆడదో మగవాడో చెప్పదు. రచయిత ఆ సందిగ్ధమును తన ఆయుధముగ వాడుకొనగలడు. తెలుగు వ్యావహారికమున ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అనగానే రహస్యము బయటపడును. గ్రాంథికపు ‘వచ్చెను’ మాత్రము ఆ రహస్యమును కాపాడును. పాతబడినదని కొందరు ప్రక్కకు నెట్టిన రూపము, నేటి కంప్యూటరు తెరపై కథను నిలబెట్టుటకు పనికివచ్చునన్నమాట.

నేర్చుట కష్టము కాదని చెప్పుట సత్యము కాదు. హిరగానా, కతకానా అను రెండు అక్షరమాలలు ఒక్కొక్కటి 46 మూలాక్షరములు గలవి. ఇవి కొన్ని వారములలో పట్టుబడును. నిత్య వ్యవహారమునకు 2010లో ప్రభుత్వము నిర్ణయించిన చిత్రలిపి గుర్తులు 2,136. వానికి ఏండ్లు పట్టును. అయినను దృశ్య నవల ఓర్పుగల గురువు. మీట నొక్కువరకు వాక్యము కదలదు. నిఘంటువు చూచుకొనుటకు కావలసినంత వ్యవధి యుండును. మాటతోపాటు బొమ్మయు కొన్నిట కంఠధ్వనియు కలిసివచ్చుటచే అర్థము మనస్సున నాటుకొనును.

ఉపాధ్యాయులు ఒక జాగ్రత్త వహింపవలెను. ఈ శాఖలో పెద్దలకు మాత్రమే ఉద్దేశింపబడిన రచనలు చాల కలవు. యంత్రములకై వెలువడు ఆటలకు జపానులో 2002లో ఏర్పడిన సంస్థ వయస్సును బట్టి గుర్తు లిచ్చుచున్నది: ఎ గుర్తు అందరికి, బి 12 ఏండ్లు దాటినవారికి, సి 15, డి 17, జడ్ 18 దాటినవారికి. పెట్టెపై నున్న ఆ అక్షరమును చూచి, తాము ముందుగ పరిశీలించి, పిమ్మటనే విద్యార్థులకు సూచించుట మేలు.

కాలమును గూర్చిన జాగ్రత్త మరొకటి. తాళపత్రమును చెదలు తినును. ఈ నవలలను యంత్రముల వార్ధక్యము తినును. ‘మాచి’ 2006లో పి.ఎస్.పి. యను చేతి యంత్రమునకు మారినది. ఆ యంత్రము సరఫరా జపానులో 2014లో ఆగిపోయినది. జపాను జాతీయ గ్రంథాలయము 2000 నుండి ఇట్టి ఎలక్ట్రానిక్ ప్రచురణలను గూడ సేకరించుట సంతోషకరము. కాని భద్రపరచిన గ్రంథము చదువబడిన గ్రంథము కాదు. చదువబడుటకు పరభాషలో ఒక మనిషి కావలెను.

చక్రపాణి వంటివారు వంగభాష నేర్చి శరత్తును తెలుగింటికి తెచ్చిరి. శరత్తు తెలుగువాడేయని భ్రమించిన చదువరులు ఒక తరమున ఎందరో యుండిరి. అట్టి సేవకు జపాను దృశ్య నవల నేడు ఎదురుచూచుచున్నది. ఆంగ్లము మీదుగా వచ్చు తోరు మాక్స్‌గా వచ్చును. నేరుగా తెలుగునకు వచ్చు తోరు తోరుగనే వచ్చును. మారి పినతండ్రిని ‘బాబాయిగారూ’ అని పిలుచుచు వచ్చును.