దారి మనకు తెలియాలి... మన దారి అందరికీ తెలియనక్కరలేదు

సంతోష్‌నగర్ చౌరస్తా నుంచి బండి తీస్తే ఎటు కావాలంటే అటు దారి ఉంది. చంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్ దాటితే శ్రీశైలం రోడ్డు. ఐ.ఎస్. సదన్, చంపాపేట, కర్మన్‌ఘాట్ మీదుగా పోతే నాగార్జునసాగర్ రోడ్డు. సెలవు రోజు ఫజర్ నమాజు కాగానే నలుగురైదుగురు మిత్రులు కలిసి బైకుల మీద ఊరు దాటడం ఇప్పటి కుర్రకారుకు ముచ్చట. మిగిలిన రోజుల్లో అదే బండి మీద ఇంటింటికీ సరుకులో, భోజనమో చేరవేస్తూ సంపాదించుకునే వారూ మన వీధుల్లో తక్కువేమీ కాదు. ఈ ఇద్దరికీ దారి చూపే పెద్దదిక్కు జేబులోని సెల్‌ఫోనే.

అయితే ఈ పెద్దదిక్కు అసలు అవసరమైన చోటే చేతులెత్తేస్తుంది. ఊరు దాటి అడవిలో అడుగుపెట్టగానే సిగ్నల్ పోతుంది. తెర మీది పటం తెల్లకాగితంగా మారుతుంది. వెంట ఇల్లాలూ పిల్లలూ ఉంటే ఆ గాభరా చెప్పనలవి కాదు. కాస్త ముందుచూపు ఉంటే ఈ ఇబ్బంది రాదు. మరో ప్రమాదం కూడా ఉంది. మనకు దారి చెప్పే యాప్‌లలో కొన్ని, మనం ఏ దారిన పోతున్నామో ఇతరులకు చేరవేస్తున్నాయి. ఈ రెండు విషయాలూ ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసినవే.

నెట్ లేకున్నా జీపీఎస్ ఉంటుంది

మొబైల్ డేటా లేకపోతే ఫోనుకు దారి తెలియదని చాలామంది అనుకుంటారు. ఇది నిజం కాదు. మనం ఎక్కడున్నామో ఫోనుకు తెలిపేది సెల్ కంపెనీ టవరు ఒక్కటే కాదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న జీపీఎస్ ఉపగ్రహాలు నిరంతరం సంకేతాలు పంపుతుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే, అవి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఫోను తానున్న చోటును లెక్క కట్టుకుంటుంది. ఇందుకు రీచార్జి అక్కరలేదు, సిమ్‌కార్డు కూడా అక్కరలేదు. నెట్ లేనప్పుడు మొదటిసారి చోటు పట్టుకోవడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, అంతే.

మరి డేటా దేనికి? రోడ్లు, ఊళ్లు, మలుపులు ఉన్న పటాన్ని ఎప్పటికప్పుడు తెచ్చుకోవడానికి. ఆ పటాన్ని ఇంట్లో ఉండగానే ఫోనులో దాచుకుంటే నడి అడవిలో కూడా మన బండి గుర్తు పటం మీద కదులుతూనే ఉంటుంది. ఆఫ్‌లైన్ మ్యాప్ అంటే ఇదే.

ఏ యాప్ ఏ పనికి?

అందరి ఫోన్లలోనూ ఉండేది గూగుల్ మ్యాప్స్. అందులో పైన కనిపించే మన బొమ్మను తాకితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అనే అంశం వస్తుంది. మనం వెళ్లబోయే ప్రాంతాన్ని చతురస్రంలో పట్టేలా ఎంచుకుని డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుంది. దీనికి పరిమితులున్నాయి. నెట్ లేనప్పుడు ట్రాఫిక్ సంగతి చెప్పదు, ప్రత్యామ్నాయ మార్గాలు చూపదు, నడక దారి కూడా చెప్పదు. దాచుకున్న పటానికి గడువు ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడు తాజా చేసుకోవాలి.

రెండవది ఆర్గానిక్ మ్యాప్స్. ఇది 2021లో వచ్చింది. పూర్తిగా ఉచితం, ప్రకటనల బెడద లేదు, వాడేవారి కదలికలను సేకరించదు. రాష్ట్రాల వారీగా పటాలు దించుకుంటే బండికీ, సైకిలుకూ, నడకకూ నెట్ లేకుండానే దారి చెబుతుంది. ఫోను పాతదైనా, మెమరీ తక్కువైనా వాడుకోవచ్చు.

మూడవది ఓస్మాండ్. వచ్చిన దారిని రికార్డు చేసుకుని, తిరిగి అదే దారిన రావాలనుకునే వారికి ఇది అనువైనది. ఉచితంగా దించుకునే పటాల సంఖ్యకు పరిమితి ఉంది. మొదట్లో కాస్త తికమకగా ఉంటుంది కానీ రెండు మూడు రోజులు వాడితే అలవాటైపోతుంది.

మన దేశపు సంస్థ మ్యాప్‌మైఇండియా తెచ్చిన మ్యాపుల్స్ యాప్ కూడా చెప్పుకోదగినదే. స్పీడు బ్రేకర్లు, గుంతలు వంటి వాటి గురించి ముందుగా హెచ్చరించడం దీని ప్రత్యేకత. మన రోడ్ల మీద ఆ హెచ్చరిక విలువేమిటో వేరే చెప్పాలా!

వానాకాలంలో తిరిగే వారి ఫోనులో పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన దామిని యాప్ ఉండాలి. చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. దీనికి మాత్రం నెట్ కావాలి కనుక సిగ్నల్ ఉన్న చోటే చూసుకుని బయలుదేరాలి. లైసెన్సు, ఆర్‌సీ పత్రాలు డిజీలాకర్‌లో ఉంటే చట్టరీత్యా చెల్లుతాయి. అదీ నెట్ లేనిచోట తెరుచుకోకపోవచ్చు కాబట్టి అడవి దారి పట్టేవారు అసలు కార్డులు వెంట ఉంచుకోవడమే మేలు.

శ్రీశైలం దారి చెప్పే పాఠం

ముందే పటం దాచుకోవడం ఎంత అవసరమో శ్రీశైలం రోడ్డు చక్కగా చెబుతుంది. కడ్తాల్, కల్వకుర్తి వరకు ఇబ్బంది ఉండదు. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. అక్కడి నుంచి చాలాదూరం సిగ్నల్ దొరకడం కష్టం. వన్యప్రాణుల రక్షణ కోసం రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అడవిలోకి వదలరు. అంటే సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఎంత దూరం వచ్చాం, గేటు మూసేలోగా చేరగలమా అనే లెక్క బండి నడిపేవారికి తెలియాలి. ఆ లెక్క చెప్పేది ముందే దించుకున్న పటమే.

ఈ దారి పట్టేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. బయలుదేరే ముందు రాత్రి ఇంట్లోనే పటం దించుకుని, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి అది పనిచేస్తున్నదో లేదో పరీక్షించి చూడాలి. పెట్రోలు బంకులు, ఆసుపత్రులు, నమాజుకు ఆగదలచిన మసీదులు ముందే గుర్తు పెట్టుకోవాలి. సిగ్నల్ లేనిచోట ఫోను టవరు కోసం వెతికి వెతికి బ్యాటరీని తినేస్తుంది. అప్పుడు ఏరోప్లేన్ మోడ్ పెడితే చార్జింగు మిగులుతుంది, జీపీఎస్ మాత్రం చాలా ఫోన్లలో పనిచేస్తూనే ఉంటుంది.

వరద రాత్రి

ఇదంతా విహారయాత్రలకే అనుకుంటే పొరపాటు. 2020 అక్టోబరులో కురిసిన కుండపోత వానలను పాతబస్తీ ఇంకా మరువలేదు. బార్కస్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి, మన పక్కనే ఉన్న హఫీజ్ బాబానగర్ వీధులను నీరు ముంచెత్తింది. అటువంటి రాత్రి కరెంటూ నెట్‌వర్కూ ఒకేసారి పోవచ్చు. ఏ గల్లీ ఎత్తున ఉంది, ఏ దారిన పోతే పెద్ద రోడ్డు వస్తుంది, దగ్గరి ఆసుపత్రి ఏది అన్నవి ఫోనులోనే ఉండాలి. డేటా లేకపోయినా, ఎస్సెమ్మెస్ వెళ్లే వీలుంటే చాలు, పటంలో మనమున్న చోటు మీద వేలు నొక్కి పట్టుకుంటే వచ్చే అక్షాంశ రేఖాంశాల అంకెలను సాయం చేసేవారికి పంపవచ్చు. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108 నంబర్లు పిల్లలకు కూడా నోటికి వచ్చి ఉండాలి.

వరదకూ పటానికీ మన నగరంలో పాత బంధమే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలను బలిగొన్న తరువాత, లియోనార్డ్ మన్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో 1912-15 మధ్య హైదరాబాదును గల్లీ గల్లీ కొలిచి పటాలు గీయించారు. ఆపద వచ్చాక పటం గీయించుకున్న నగరం మనది. ఆపద రాకముందే దాన్ని జేబులో పెట్టుకునే వీలు ఇప్పుడు మనకు ఉంది.

పటం మాటే తుది మాట కాదు

ఎంత మంచి పటమైనా మనిషి గీసినదే. ఒవైసీ ఆసుపత్రి కూడలి దగ్గరి ఏపీజే అబ్దుల్ కలాం ఫ్లైఓవరు 2021 డిసెంబరులో మొదలైంది. అంతకుముందు దించుకున్న పటాన్ని తాజా చేయకపోతే దానికి ఆ వంతెన సంగతే తెలియదు. కొత్త వంతెన తెలియకపోతే నష్టం కొద్దిపాటి ఆలస్యం. కూలిన వంతెన తెలియకపోతే ప్రాణాలకే ముప్పు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ ప్రాంతంలో ఫోను చూపిన దారిని నమ్మి సగం తెగిన వంతెన మీదికి కారు నడిపి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. అనుమానం కలిగితే బండి ఆపి ఊరివారిని అడగడంలో నామోషీ లేదు.

బండి నడుపుతూ ఫోను చేత్తో పట్టుకోవడం నేరం. 2020 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెడకుండా ఫోను వాడవచ్చు. హ్యాండిలుకు గట్టి హోల్డరు బిగించుకుని, మలుపుల్ని ముందే ఒకసారి చూసుకుని బయలుదేరాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే వెనుక వచ్చే లారీ హారను వినిపించదు.

మన దారి ఎవరి చేతిలో?

ఇక రెండవ విషయానికి వద్దాం. నమాజు వేళలు, ఖిబ్లా దిశ చెప్పే యాప్‌లు ఇప్పుడు ప్రతి ముస్లిం ఇంటా ఉన్నాయి. 2020 నవంబరులో అమెరికాకు చెందిన మదర్‌బోర్డ్ పత్రిక ఒక సంచలన వార్త ప్రచురించింది. ప్రపంచమంతటా కోట్లమంది వాడే ముస్లిం ప్రో యాప్ నుంచి వాడకందారుల కదలికల వివరాలు ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకు చేరుతున్నాయనీ, ఆ సంస్థ ఇటువంటి వివరాలను అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకు అమ్ముతోందనీ అందులో వెల్లడైంది. వార్త వెలువడగానే ఆ సంస్థతో సంబంధాలు తెంచుకుంటున్నట్లు ముస్లిం ప్రో ప్రకటించింది. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఎక్స్-మోడ్ వారసత్వ సంస్థ ప్రజల సున్నితమైన కదలికల సమాచారాన్ని అమ్మకుండా కట్టడి విధించింది.

నమాజు వేళ తెలుసుకోవడానికి తెరిచిన యాప్, మనం ఏ మసీదుకు వెళుతున్నాం, ఎవరింటికి వెళుతున్నాం, రాత్రి ఎక్కడ నిద్రిస్తున్నాం అన్నది సంతలో సరుకు చేసిందన్నమాట. కుటుంబం కదలికలు ఒక అమానతు. ఎవరికి పడితే వారికి అప్పగించేది కాదు.

జాగ్రత్త చాలా తేలిక. ఫోను సెట్టింగులలో లొకేషన్ అనుమతులు తెరిచి, ఏ యాప్‌కు మన చోటు తెలుసుకునే హక్కు ఇచ్చామో చూడాలి. పటం యాప్‌కు వాడుతున్నప్పుడు మాత్రమే అనుమతి ఇవ్వాలి. టార్చిలైటు, ఆటలు, ఫొటోలకు రంగులద్దే యాప్‌లకు ఆ అవసరమే లేదు. నమాజు వేళల యాప్‌లో హైదరాబాద్ అని ఊరు పేరు ఎంచుకుంటే చాలు. మన నగరం ఉన్న అక్షాంశం మీద తూర్పు పడమరలుగా సుమారు 27 కిలోమీటర్లకు ఒక నిమిషం తేడా వస్తుంది. ఆ ఒక్క నిమిషం కోసం ఇంటి గడప దాకా చిరునామా ఇవ్వడం ఎందుకు?

ఖిబ్లా సంగతీ అంతే. హైదరాబాదు నుంచి మక్కా పడమరకు ఉత్తరం వైపు సుమారు 13 డిగ్రీల కోణంలో ఉంది. ఫోనులోని దిక్సూచి అయస్కాంతంతో పనిచేస్తుంది. బండి ట్యాంకు మీద పెట్టి చూస్తే తప్పు దిశ చూపవచ్చు కనుక నాలుగడుగులు పక్కకు వెళ్లి చూడాలి. సుమారు వెయ్యేళ్ల క్రితమే, 1025లో, అల్ బిరూనీ గజనీ నగరానికి ఖిబ్లా దిశను గణితంతో తేల్చే గ్రంథం పూర్తి చేశారు. ఆయన ఆ పని కోసం ఎవరి కదలికలనూ ఎవరికీ అమ్మలేదు!

కదలికలు ఎవరికీ చెప్పకూడదని కాదు, చెప్పవలసిన వారికే చెప్పాలి. వాట్సాప్‌లో 15 నిమిషాలు, ఒక గంట, 8 గంటలు అని గడువు పెట్టి మన చోటును ఇంటివారికి పంపే వీలుంది. కొడుకు బండి తీసినా, కూతురు కాలేజీ నుంచి ఆటోలో వస్తున్నా ఇది వాడుకోవచ్చు. గడువు తీరగానే అదే ఆగిపోతుంది. మహిళల ప్రయాణ భద్రతకు తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో ప్రారంభించిన టీ-సేఫ్ సేవను స్మార్ట్‌ఫోన్ లేనివారు కూడా పొందవచ్చు.

మన గల్లీ పటంలో ఉందా?

ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ రెండింటికీ ఆధారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉమ్మడి పటం. ఇది 2004లో మొదలైంది. ఎవరైనా తమ వీధిని ఇందులో చేర్చవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. స్ట్రీట్‌కంప్లీట్ అనే ఉచిత యాప్ చిన్న చిన్న ప్రశ్నలు అడిగి మన జవాబులను పటంలో చేరుస్తుంది. పాతబస్తీ గల్లీలు ఇక్కడ పుట్టి పెరిగిన వారికి తెలిసినట్లు ఎక్కడో దూరాన కూర్చున్న వారికి ఎలా తెలుస్తాయి? చదువుకున్న మన పిల్లలు సెలవుల్లో గంటసేపు కూర్చుంటే ఏ గల్లీ మూసుకుపోయింది, ఏ సందులోకి అంబులెన్సు పడుతుంది, దవాఖానా ఎక్కడుంది అన్నవి అందులో చేరతాయి. ఏదో ఒక రాత్రి ఏ ఇంటికో ఆ పుణ్యం అక్కరకు వస్తుంది.

ఈ శుక్రవారం జుమా నమాజు నుంచి తిరిగి వచ్చి భోజనాలయ్యాక ఇంట్లోని ఫోన్లన్నీ ఒకచోట పెట్టండి. తెలంగాణ పటం దించండి. లొకేషన్ అనుమతుల జాబితా చూసి అక్కరలేని వాటిని తీసివేయండి. అమ్మీకీ, నానమ్మకూ కూడా ఎలా వాడాలో ఓపికగా చూపించండి. పట్టేది అరగంట, అయ్యేది కాస్త డేటా ఖర్చు మాత్రమే.