గడ్డం మీద పెరుగు మెతుకు

మా పిన్ని కూతురి పెళ్లి, తెనాలిలో. రెండో బంతిలో కూర్చున్నాం. పెరుగన్నం కలుపుకుంటూ పక్కనున్న బావతో క్రికెట్ మీద తెగ వాదిస్తున్నా. ఎదురు వరసలో ఉన్న నాన్న నా వైపు చూసి, తన గడ్డాన్ని వేలితో రెండుసార్లు తట్టుకున్నారు. నాకు అర్థం కాలేదు. మళ్లీ తట్టుకున్నారు. అప్పుడు చెయ్యి పెట్టి చూసుకుంటే నా గడ్డం మీద నాలుగు మెతుకులు, కిందికి జారుతున్న ఒక పెరుగు చార. ఎంతసేపటి నుంచి ఉందో! బావ చూసే ఉంటాడు, వడ్డించే కుర్రాడు చూసే ఉంటాడు, ఫొటోగ్రాఫర్ తీసే ఉంటాడు. తెలియనిది నాకొక్కడికే.

అప్పటికి నా దవడ ఆపరేషన్ అయ్యి మూడు నెలలు.

నాది కింది దవడ ముందుకొచ్చిన కేసు. పక్క నుంచి చూస్తే మొహం నెలవంకలా ఉండేది కాబట్టి స్కూల్లో నా పేరు 'చందమామ'. పేరు సంగతి ఎలా ఉన్నా, అసలు బాధ తిండితో. పై పళ్లు కింది పళ్ల వెనక్కి వెళ్లిపోయేవి కదా, ముందు పళ్లతో ఏదీ తెగేది కాదు. మిర్చి బజ్జీ కొరికితే లోపలి మిరపకాయ మొత్తం సర్రున బయటికొచ్చేది. అందుకే నలుగురిలో బజ్జీ తినడం మానేశా. ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌లో సెటిలయ్యాక డాక్టర్ని కలిశా. ఏడాదిన్నర క్లిప్పులు, ఆ తర్వాత ఆపరేషన్ అన్నారు.

నాన్నకి అస్సలు ఇష్టం లేదు. "దేవుడిచ్చిన మొహానికి ఏమొచ్చిందిరా?" అన్నారు. నా జీతం, నా సేవింగ్స్, నా మొహం అని గట్టిగా వాదించా. అంత వాదించాక, తర్వాత ఏం జరిగినా నోరు మూసుకోవాల్సింది నేనే కదా. (నిజంగానే మూసేశారు లెండి, రబ్బరు బ్యాండ్లతో.)

సర్జన్ ముందే చెప్పారు. "కింది పెదవి, గడ్డం మొద్దుబారతాయి. చాలామందికి కొన్ని నెలల్లో స్పర్శ తిరిగొస్తుంది. కొందరికి కొంత అలాగే ఉండిపోవచ్చు" అని. కాగితం మీద కూడా రాసి ఉంది. కొత్త యాప్‌లో 'ఐ అగ్రీ' కొట్టినంత తేలిగ్గా సంతకం పెట్టేశా. నొప్పి ఎంత ఉంటుంది, వాపు ఎప్పుడు తగ్గుతుంది, ఆఫీసుకి ఎప్పుడు వెళ్లొచ్చు... ఇవే అడిగా. మొద్దుబారడం అంటే నొప్పి లేకపోవడమేగా, మంచిదేగా అనుకున్నా.

మొదటి మూడు రోజులు వాపు, ఐస్ ప్యాకులు, గొట్టాలు, మత్తు. ఇంకో ధ్యాసే లేదు. నాలుగో రోజు అమ్మ మంచం పక్కన కూర్చుని సిరంజితో పల్చటి రాగి జావ పోస్తోంది. "చాలమ్మా" అన్నా. ఆ 'మ్మ' దగ్గర ఆగిపోయా. రెండు పెదవులూ కలిస్తేనే 'మ' పలుకుతుంది. పలికింది కూడా. కానీ అవి కలిసినట్టు నాకు తెలియలేదు.

పన్ను పీకడానికి ముందు డెంటిస్టు ఇంజెక్షన్ ఇస్తే రెండు గంటలు పెదవి ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. ఆ రెండు గంటలు ఎన్ని నెలలైనా అవ్వకపోతే ఎలా ఉంటుందో అదీ నా పరిస్థితి. పెదవి ఉండాల్సిన చోట ఎవరో మినపవడ అతికించారేమో అనిపించేది. అద్దంలో చూస్తే మామూలు పెదవే.

నిజానికి ఆ డెంటిస్టు మత్తు ఇచ్చేదీ, నాకు దెబ్బ తగిలిందీ ఒకే నరానికి. దాని పేరు ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నర్వ్. కొత్త ఇళ్లల్లో కరెంటు వైరు గోడ లోపలి గొట్టంలోంచి వెళ్తుంది చూడండి, ఈ నరం కూడా కింది దవడ ఎముక లోపలి సొరంగంలోంచి వెళ్తుంది. దారిలో కింది పళ్లన్నిటికీ కనెక్షన్ ఇస్తూ, ముందు వైపు చిన్న రంధ్రంలోంచి బయటికొచ్చి పెదవికీ గడ్డానికీ చేరుతుంది. కుడికి ఒకటి, ఎడమకి ఒకటి. నాకు చేసిన ఆపరేషన్లో నోటి లోపలి నుంచే దవడని రెండు పక్కలా పొరల్లా నిలువునా చీల్చి, వెనక్కి జరిపి, టైటానియం ప్లేట్లతో బిగిస్తారు. బయట గాటు కనపడదు. 1957లో ట్రౌనర్, ఓబ్వెగెసర్ అనే ఇద్దరు సర్జన్లు ప్రపంచానికి చెప్పిన పద్ధతే ఇది, తర్వాత చాలా మెరుగులు దిద్దుకుంది. అయితే చీల్చేది సరిగ్గా ఆ వైరు వెళ్లే గోడనే. ఎంత జాగ్రత్తగా చేసినా నరం కాస్త సాగుతుంది, నలుగుతుంది.

నలిగిన నరం ఎంతలో కోలుకుంటుందన్నది దెబ్బని బట్టి ఉంటుంది. హెర్బర్ట్ సెడన్ అనే బ్రిటిష్ డాక్టరు 1943లో మూడు రకాలుగా చెప్పారు. నరం షాక్ తిని కాసేపు పని ఆపడం ఒకటి, ఇది వారాల్లో సర్దుకుంటుంది. లోపలి పోగులు తెగినా పైతొడుగు బాగానే ఉండటం రెండోది. ఆ తొడుగునే దారిగా పట్టుకుని పోగులు రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతాయి, దీనికి నెలలు పడుతుంది. మూడోది నరం పూర్తిగా తెగిపోవడం, అది దానంతటది అతుక్కోదు. 'రోజుకి ఒక మిల్లీమీటరు' అని విన్న రాత్రే స్కేలు తీసుకుని దవడ కొలుచుకున్నా. లెక్కలేవీ తేలలేదు కానీ, అంత నెమ్మదిగా వచ్చేదాని కోసం గంటకోసారి గిల్లి చూసుకోవడం మాత్రం తగ్గించా.

నాకు ధైర్యమిచ్చిన విషయం ఇంకోటుంది. ఈ నరం పని తెలుసుకోవడమే, కదిలించడం కాదు. పెదవిని కదిలించే నరం వేరే. అంటే నవ్వితే నవ్వు సరిగ్గానే వస్తుంది, నవ్వినట్టు మనకి తెలియదంతే. మొదటి నెలంతా మూతి వంకర పోయిందేమో అని భయపడి, మాట్లాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవాణ్ణి. డాక్టరు వీడియో తీసి చూపించారు. మూతి తిన్నగానే ఉంది. చెయ్యే అడ్డంగా ఉంది.

అయినా ఇంత చిన్న చోటు మొద్దుబారితే ఇంత పెద్ద లోటు ఎందుకు? కెనడాలో వైల్డర్ పెన్ఫీల్డ్ అనే న్యూరోసర్జన్ 1930ల్లో, మెలకువగా ఉన్న పేషెంట్ల మెదడు మీద సన్నటి కరెంటు తాకిస్తూ ఏ భాగానికి ఎంత చోటుందో మ్యాపు గీశారు. అందులో పెదవుల వాటా నడుమూ వీపూ కలిపినదాని కన్నా ఎక్కువ. వీపు మీద అరచేయంత మేర మొద్దుబారినా నెలకోసారి గుర్తొస్తుందేమో. పెదవి అలా కాదు, ప్రతి గుక్కకీ ప్రతి మాటకీ గుర్తొస్తుంది.

రెండో నెలలో ఇరానీ చాయ్ తాగా. కప్పు పెదవికి ఆనిందో లేదో తెలియక, ఇంకాస్త వంచా. కాలినట్టు తెలియలేదు. సాయంత్రానికి పెదవి లోపల బొబ్బ. ఆ తర్వాత నుంచి ఏదైనా వేడిది ముందు వేలికి, తర్వాత పై పెదవికి, ఆ తర్వాతే నోట్లోకి. గడ్డం గీసుకుంటే రక్తం కారేదాకా కోసుకున్నట్టు తెలిసేది కాదు, అందుకే బ్లేడు మానేసి ట్రిమ్మర్‌కి మారిపోయా. తింటూ మాట్లాడితే పెదవి పళ్ల మధ్య పడి నలిగేది, కాబట్టి తినేటప్పుడు మౌనవ్రతం. (పెళ్లిలో క్రికెట్ దగ్గర ఈ వ్రతమే చెడింది.) ఫోన్ ఫ్రంట్ కెమెరా నా పర్సనల్ అద్దం అయిపోయింది. సెల్ఫీల పిచ్చోడని ఆఫీసులో పేరు కూడా వచ్చింది.

మాట సంగతి వేరే. ప, బ, మ దగ్గర తడబడేవాణ్ణి. ఈ అక్షరాల్ని ఓష్ఠ్యాలు అంటారనీ, అసలు పెదవులే తగలని అక్షరాలతో కావ్యాలు రాసినవాళ్లున్నారనీ టెన్త్‌లో తెలుగు మాస్టారు చెబితే వెనక బెంచీలో నవ్వుకున్నాం. ఇప్పుడు అద్దం ముందు నిలబడి "పప్పు, బొబ్బట్టు, మామిడిపండు" అని రోజూ వల్లె వేశా. ఆపరేషన్ పథ్యంలో జావ తప్ప ఇంకేం లేనివాడికి ఈ మూడు మాటలే దొరకడం కూడా ఒక శిక్షే!

డాక్టరు నేర్పిన అసలు ప్రాక్టీసు ఇంకోటి. మెత్తటి బ్రష్షు తీసుకుని అద్దంలో చూస్తూ ముందు బుగ్గ మీద రాసుకోవాలి, అక్కడ ఎలా అనిపిస్తుందో గమనించాలి. అదే బ్రష్షుని పెదవి కింద రాసుకోవాలి. తర్వాత కళ్లు మూసుకుని మళ్లీ. పైకి వెళ్తోందా, కిందికా? కుడికా, ఎడమకా? కొన్ని నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు. దీనివల్ల నరం తొందరగా పెరగదు. నరం నుంచి వచ్చే అరకొర సిగ్నల్‌ని అర్థం చేసుకోవడం మెదడు మళ్లీ నేర్చుకుంటుంది. విటమిన్ బి12 మాత్రలు కూడా రాశారు, వేసుకున్నా. మాత్రల వల్ల వచ్చిందా, టైముకి అదే వచ్చిందా అంటే నేను చెప్పలేను.

ఐదో వారంలో ఒక రాత్రి గడ్డం మీద చీమ పాకినట్టయింది. లేచి లైటేశా. చీమ లేదు. మర్నాడు రెండు చీమలు. ఆ తర్వాత వారానికి సూదులు గుచ్చినట్టు, అప్పుడప్పుడూ కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం. కంగారుపడి ఫోన్ చేస్తే డాక్టరు సంతోషపడ్డారు! నరం మేలుకుంటున్నప్పుడు అలాగే ఉంటుందట. అన్నిటికన్నా దరిద్రం దురద. దురద ఒకచోట ఉంటుంది, గోకితే ఇంకెక్కడో తెలుస్తుంది. అసలు దురద మాత్రం ఎవరికీ అందదు.

ఈ చీమలూ సూదులూ మంచివేనని ఊరుకోకూడని సందర్భాలూ ఉన్నాయి. ఊరికే తాకినా మంట పుట్టి అది రోజురోజుకీ పెరుగుతుంటే, మూడు నెలలు దాటినా స్పర్శలో ఇసుమంత మార్పు లేకపోతే, తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు. నరం మంటకి వేరే మందులున్నాయి, మామూలు నొప్పి మాత్రలు దానికి పెద్దగా పనిచేయవు. నరాన్ని సరిచేసే ఆపరేషన్ అవసరమైతే అది కూడా తొలి నెలల్లోనే ఆలోచించాల్సిన విషయం, ఏళ్ల తర్వాత కాదు. కొత్తగా వాపు, జ్వరం వస్తే ఆ రోజే వెళ్లాలి.

ఇవన్నీ డాక్టరుకి చెప్పేవాణ్ణి. ఇంట్లో మాత్రం "సూపర్‌గా ఉంది" అనే చెప్పా. చుట్టాలందరూ "ఎంత బావున్నావురా" అంటుంటే, ఆ బావున్న మొహంలో మూడో వంతు నాకు తెలియట్లేదని ఎలా చెప్పను? అందులోనూ నాన్నకి. "నేను చెప్పలా?" అనే ఒక్క మాటకి భయపడి మూడు నెలలు దాచా.

పెళ్లి రోజు రాత్రి విడిది అరుగు మీద కూర్చున్నప్పుడు నాన్నే అడిగారు.

"ఎప్పట్నుంచి?"

"ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి."

"చెప్పలేదేం?"

"మీరు వద్దన్నారుగా..."

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఎడమ చెయ్యి నా ముందు పెట్టి ఉంగరం వేలు చూపించారు. నేను పుట్టకముందు రైస్ మిల్లులో పని చేసేటప్పుడు బెల్టులో పడి నలిగిందట. మచ్చ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. కణుపు పైన స్పర్శ లేదని మాత్రం తెలీదు. "దీంతో వేడి గిన్నె ముట్టుకోను. అంతే. మిగతాదంతా మామూలే" అన్నారు. ఇరవై ఆరేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నా, నేనెప్పుడూ గమనించలేదు. ఆ మాట అంటే, "నీకు చెప్పాల్సినంత విషయమా అది" అన్నారు. నా గడ్డం సంగతి మాత్రం చెప్పాల్సిన విషయమేనట. అదేం లాజిక్కో!

ఇప్పటికి పదహారు నెలలు. కుడి పక్క పూర్తిగా వచ్చేసింది. చలి, వేడి, బైక్ మీద గాలి, హెల్మెట్ పట్టీ అన్నీ తెలుస్తున్నాయి. ఎడమ పక్క పెదవి కింద రూపాయి బిళ్లంత చోటు మిగిలింది. నొక్కితే తెలుస్తుంది, తాకితే తెలియదు. ఇక ముందు పెద్ద మార్పు రాకపోవచ్చని డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ రోజు ఇంటికొచ్చి కాసేపు ఏడ్చా, అబద్ధమెందుకు. మళ్లీ అవకాశమొస్తే చేయించుకుంటావా అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. చేయించుకుంటా. మిర్చి బజ్జీని మిరపకాయతో సహా తెగేలా కొరికిన రోజు ఇంకా గుర్తుంది నాకు. కాకపోతే సంతకం పెట్టే ముందు ఆ కాగితం చదువుతా, ఆ ఒక్క లైను గురించి పది ప్రశ్నలు వేస్తా, ఇంట్లో ఒక్కరికైనా నిజం చెప్పి పెట్టుకుంటా.

మొన్న రాత్రి భోంచేస్తూ ఇంటికి వీడియో కాల్ చేశా. అమ్మ ఏదో చుట్టాల గొడవ చెబుతోంది. వెనక టీవీ చూస్తున్న నాన్న తలతిప్పి ఫోన్‌లోకి ఒకసారి చూసి, గడ్డాన్ని రెండుసార్లు తట్టుకుని మళ్లీ టీవీలో పడిపోయారు. తుడుచుకున్నా. ఎడమ పక్కనే, పప్పు.